పెరటి తొట్టిలో వాలిస్నేరియా (నీళ్లలో మునిగి పెరిగే మొక్క) నిలదొక్కుకోవడం లేదు, ఏం చేయాలి?

పెరట్లో రెండడుగుల లోతు సిమెంటు తొట్టి కట్టించాం. గుర్రపు డెక్క జోలికి పోలేదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన చెరువుల్ని కమ్మేసింది చాలు. మన నీళ్లలో పెరిగేవే కావాలని ఊరి చెరువు నుంచి హైడ్రిల్లా, వాలిస్నేరియా తెచ్చి నాటాను. హైడ్రిల్లాకి ఢోకా లేదు, తుంచి పడేసిన ముక్క కూడా చిగురేస్తోంది.

వాలిస్నేరియాతోనే తంటా. పొడుగాటి ఆకులు మొదట గాజులా పలచబడి, తర్వాత మొదలు దగ్గర మెత్తబడి ఊడి పైకి తేలుతున్నాయి. అడుగున చెరువు మట్టి, పైన ఇసుక వేశాను. నీళ్లు బోరువి. మధ్యాహ్నం దాకా ఎండ తగులుతుంది, నీళ్లు కాస్త పచ్చబడ్డాయి కూడా.

కొత్త సిమెంటులోని సున్నం దెబ్బా? లేక మొదలు ఇసుకలో కూరుకుపోయి కుళ్లుతోందా? పెంచినవాళ్లు ఎవరైనా చెప్పండి. దోమల టెన్షన్ ఒకటి, దోమ పిల్లల్ని తినే గప్పీ చేపల్ని ఇప్పుడే వదిలితే లేత వేళ్లను కదిలించేస్తాయా?