డబుల్ ఆప్ట్-ఇన్ లేకుండా స్పందించే ఈమెయిల్ లిస్టు కట్టగలమా?

అక్షరపథం:
ఈమెయిల్ మార్కెటింగ్ చేసేవాళ్లలో ఎప్పటికీ తెగని పంచాయితీ ఇది. ఫారం నింపిన వెంటనే చిరునామాను లిస్టులో చేర్చేస్తే సింగిల్ ఆప్ట్-ఇన్. ముందు ఒక కన్ఫర్మేషన్ మెయిల్ పంపి, అందులో లింకు నొక్కినవాళ్లనే చేర్చుకుంటే డబుల్. మెయిల్ చదివి, లింకు నొక్కి, జవాబు రాసి, కొనే లిస్టు కావాలంటే ఆ రెండో మెట్టు తప్పనిసరా? లేక నిజంగా చేరాలనుకున్నవాళ్లే అక్కడ జారిపోతున్నారా? "మాకు ఇదే పనిచేసింది" అనే మాటలు వద్దు. ఎందుకు పనిచేస్తుందో, ఎక్కడ చెడుతుందో రాయండి.

వడపోత:
తప్పనిసరే. తప్పు చిరునామా వల్ల నష్టం ఆ ఒక్క చిరునామాతో ఆగదు కాబట్టి.

నిర్ధారణ లేని ఫారంలోకి మూడు రకాల చెత్త వస్తుంది: అక్షరం తప్పినవి, ఇంకొకరి చిరునామాలు, బాట్‌లు నింపినవి. వీటిలో లేని పెట్టెకు వెళ్లిన మెయిల్ 550 5.1.1 అనే ఎర్రర్ కోడ్‌తో తిరిగొస్తుంది, తీసేస్తాం, సరిపోయింది. కంటికి కనిపించే నష్టం కాబట్టి దాంతో పెద్ద భయం లేదు. అక్షరం తప్పిన డొమైన్లలో కొన్నింటిని స్పామ్ ట్రాప్‌లుగా, అంటే స్పామ్ పంపేవాళ్లను పట్టే ఉచ్చు చిరునామాలుగా వాడతారు. అక్కడికి వెళ్లిన మెయిల్ తిరిగి రాదు, మౌనంగా మీ పేరు నమోదవుతుంది. ఇక ఇంకొకరి చిరునామా అయితే, ఎప్పుడూ అడగని మనిషికి మీ మెయిల్ వెళ్తుంది. ఆయన అన్‌సబ్‌స్క్రైబ్ వెతకడు, స్పామ్ బటన్ నొక్కుతాడు.

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000 పైన పంపేవాళ్లకు మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ ఉండాలి, మార్కెటింగ్ మెయిల్‌లో ఒక్క నొక్కుతో వైదొలగే ఏర్పాటు ఉండాలి. స్పామ్ ఫిర్యాదులు 0.1 శాతం లోపు ఉంచమని, 0.3 శాతాన్ని ఎప్పుడూ తాకవద్దని గూగుల్ చెబుతుంది. అంటే 10,000 మెయిళ్లు ఇన్‌బాక్స్‌కు చేరితే పదిమంది ఫిర్యాదు చేసినా మీరు అంచు మీద ఉన్నట్టే. శిక్ష పడేది మొత్తం డొమైన్‌కు. మీ మెయిల్ కోసం ఎదురుచూసే పాఠకుడికి కూడా అది స్పామ్ ఫోల్డర్‌లోకి పోతుంది.

తెరిచినతలుపు:
వడపోత గారూ, మీరు చెప్పిన జబ్బులన్నీ నిజమే. వాటన్నిటికీ ఒకే మందు అనడమే నాకు నచ్చలేదు.

ఫోన్‌లో ఫారం నింపిన మనిషి మెయిల్ యాప్‌కు వెళ్లాలి, కన్ఫర్మేషన్ మెయిల్ ప్రమోషన్స్ ట్యాబ్‌లోనో స్పామ్‌లోనో ఉంటే వెతకాలి, తెరిచి నొక్కాలి. ఈలోపు ఇంకో నోటిఫికేషన్ వచ్చిందంటే అంతే సంగతులు. అలా పోయినవాడు ఆసక్తి లేనివాడని ఎలా అంటాం?

అక్షరదోషాల్ని ఫారం దగ్గరే పట్టొచ్చు. డొమైన్‌కు ఎంఎక్స్ రికార్డు (దాని మెయిల్ అందుకునే సర్వర్ ఏదో చెప్పే నమోదు) ఉందో లేదో చూడటం, జీమెయిల్‌ను గమిల్ అని కొడితే "ఇదేనా మీ ఉద్దేశం?" అని అడగడం చిన్న పని. బాట్‌లకు మనిషికి కనిపించని ఒక ఫీల్డు పెట్టండి, అది నిండితే తిరస్కరించండి. పేజీ తెరిచిన రెండు సెకన్లలోపే సబ్మిట్ అయిన ఫారాన్ని అనుమానించండి. మిగిలేది ఇంకొకరి చిరునామా. అందుకు స్వాగత మెయిల్ మొదటి వాక్యంలోనే "ఇది మీరు అడగలేదా? ఇక్కడ నొక్కితే వెంటనే తీసేస్తాం" అని పెద్దక్షరాల్లో పెట్టండి. మొదటి 14 రోజుల్లో ఒక్క క్లిక్కూ, ఒక్క జవాబూ లేనివాళ్లకు మెయిళ్లు ఆపేయండి. ఇదీ వడపోతే, కాకపోతే గుమ్మం దగ్గర కాకుండా లోపలికి వచ్చాక.

సర్వర్‌గది:
ఇద్దరూ వదిలేసిన విషయాలున్నాయి.

తెరిచినతలుపు గారూ, కనిపించని ఫీల్డు మామూలు బాట్‌లనే ఆపుతుంది. 2016 ఆగస్టులో పెద్ద ఎత్తున జరిగిన సబ్‌స్క్రిప్షన్ బాంబింగ్ గుర్తు చేసుకోండి. ఒకరి చిరునామాను వేల సైట్ల ఫారాల్లో స్క్రిప్టులు నింపేస్తే ఆయన ఇన్‌బాక్స్ పనికిరాకుండా పోయింది. నిర్ధారణ లేని ఫారం వారం వారం అదే బాధితుడికి పంపుతూనే ఉంటుంది. నిర్ధారణ ఉన్నది ఒక్క మెయిల్‌తో ఆగుతుంది. అలాగని ఆ ఒక్కటీ చిన్నది కాదు, వేల సైట్ల నుంచి ఒక్కోటి వచ్చినా పెట్టె మునుగుతుంది. కాబట్టి ఏ పద్ధతిలోనైనా ఫారానికి క్యాప్చా లాంటిది, ఒకే ఐపీ నుంచి వచ్చే సబ్మిషన్లకు పరిమితి ఉండాల్సిందే.

వడపోత గారూ, లింకు నొక్కబడింది కదా అని మనిషే నొక్కాడనుకోకండి. ఆఫీసు మెయిళ్లను కాపలా కాసే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ లోపలి లింకులను తానే తెరిచి చూస్తుంది. లింకు తెరవగానే నిర్ధారించే ఏర్పాటైతే స్కానర్ పుణ్యమా అని తప్పు చిరునామా కూడా లిస్టులోకి వచ్చేస్తుంది. లింకు ఒక పేజీకి తీసుకెళ్లాలి, ఆ పేజీలో ఉన్న బటన్ నొక్కితేనే, అంటే పోస్ట్ రిక్వెస్టుతోనే, నిర్ధారణ జరగాలి.

కన్ఫర్మేషన్ మెయిల్ పోతోందంటే చాలాసార్లు తప్పు ఆ మెయిల్ తయారీలోనే ఉంటుంది. సబ్మిట్ చేసిన కొన్ని సెకన్లలో చేరాలి, క్యూలో పడి పది నిమిషాలు ఆలస్యమైతే మనిషి వెళ్లిపోతాడు. ప్రచార మెయిళ్లు వెళ్లే సబ్‌డొమైన్ నుంచి కాకుండా వేరే సబ్‌డొమైన్ నుంచి పంపండి. బ్యానర్లు, ఆఫర్లు, సోషల్ మీడియా గుర్తులు ఏవీ వద్దు. రెండు వాక్యాలు, ఒక బటన్, కింద "మీరు అడగకపోతే ఏమీ చేయనక్కర్లేదు" అన్న మాట చాలు. ఫారం తర్వాతి పేజీలో "ధన్యవాదాలు" అని ఊరుకోకుండా ఏ చిరునామా నుంచి, ఏ శీర్షికతో మెయిల్ వస్తుందో రాయండి. అక్కడే ఆయన కొట్టిన చిరునామాను చూపించి "తప్పుందా? మార్చండి" అనండి. 24 గంటల తర్వాత ఒకే ఒక్క రిమైండర్ పంపండి. ఆపైన పంపితే అదే స్పామ్.

లెక్కలపట్టీ:
ఈ వాదన తెగకపోవడానికి కారణం కొలత. డబుల్ వాళ్లు శాతాలు చూపిస్తారు, సింగిల్ వాళ్లు లిస్టు సైజు చూపిస్తారు. రెండూ తప్పు దారే.

ఉదాహరణకు కొన్ని అంకెలు అనుకుందాం. చెరో 1,000 ఫారాలు. సింగిల్‌లో 1,000 మందీ చేరారు, 90 రోజుల తర్వాత కూడా క్లిక్ చేస్తున్నవాళ్లు 120, అంటే 12 శాతం. డబుల్‌లో 700 మంది నిర్ధారించారు, 90 రోజులకు మిగిలింది 115, అంటే 16.4 శాతం. రిపోర్టులో డబుల్ గెలిచినట్టు కనిపిస్తుంది. నిజానికి ఐదుగురు తగ్గారు, భాగహారంలో కింది అంకె చిన్నదైందంతే. కొలవాల్సింది ఇది: ప్రతి 1,000 ఫారాలకు 90వ రోజున మిగిలిన చురుకైన మనుషులెందరు, వచ్చిన స్పామ్ ఫిర్యాదులెన్ని. ఆ రెండూ పక్కపక్కన పెట్టాలి.

ఇంకో చిక్కు. రెండు గుంపులకూ ఒకే డొమైన్ నుంచి పంపుతూ పరీక్షిస్తే, సింగిల్ గుంపు తెచ్చిన ఫిర్యాదుల దెబ్బ డబుల్ గుంపుకూ తగులుతుంది. తేడా ఉన్నా కనిపించదు. విడి సబ్‌డొమైన్లు పెట్టి, రెండింటినీ ఒకే వేగంతో వార్మప్ చేసి (పంపే సంఖ్యను కొద్దికొద్దిగా పెంచి), ఫారం దగ్గరే యాదృచ్ఛికంగా విడదీయాలి. ఆ ఓపిక లేకపోతే ఫలితం మీద గట్టిగా మాట్లాడకపోవడం మేలు.

ఓపెన్ రేటు అసలు తీసుకోకండి. మెయిల్‌లోని బొమ్మ దిగితే తెరిచినట్టు లెక్కించే శాతం అది. 2021లో ఐఓఎస్ 15తో వచ్చిన యాపిల్ మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్ బొమ్మల్ని ముందుగానే దింపేస్తుంది. మనిషి చూడకపోయినా ఓపెన్ పడుతుంది.

నియమావళి:
చట్టం సంగతి క్లుప్తంగా. మీరు ఎక్కడున్నారన్నదొక్కటే చాలదు, అందుకునేవాళ్లు ఎక్కడున్నారో కూడా చూడాలి.

2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ డబుల్ ఆప్ట్-ఇన్ పేరెత్తదు. కానీ 7వ అధికరణం ప్రకారం సమ్మతి ఉందని నిరూపించాల్సిన భారం మీదే. ముందే టిక్ పెట్టిన బాక్సు చెల్లదు. జర్మనీలో ఆ నిరూపణకు డబుల్ ఆప్ట్-ఇనే వాడుకలో స్థిరపడింది. కెనడా చట్టం 2014 నుంచి స్పష్టమైన సమ్మతి అడుగుతుంది. కొనుగోలు చేసినవాళ్ల విషయంలో రెండేళ్లు, విచారించినవాళ్ల విషయంలో ఆరు నెలలు సమ్మతి ఉన్నట్టు భావిస్తుంది. అమెరికా 2003 చట్టం ముందస్తు సమ్మతి కోరదు, వైదొలగమన్నవాళ్లను 10 పనిదినాల్లో తీసేయాలి, మెయిల్‌లో పోస్టల్ చిరునామా ఉండాలి. గూగుల్ ఆ గడువును రెండు రోజులకు కుదించింది కాబట్టి ఆచరణలో రెండు రోజులే లెక్క.

ఏ పద్ధతైనా ఇవి దాచండి: సమయం, ఐపీ, ఏ పేజీ, ఆ రోజు ఫారం మీద ఉన్న వాక్యం యథాతథంగా. చివరిదాన్ని చాలామంది దాచరు. ఫారం మాటలు మార్చేశాక పాతవాళ్లు దేనికి ఒప్పుకున్నారో చెప్పలేకపోతారు.

తెరిచినతలుపు:
సర్వర్‌గది గారు చెప్పిన స్కానర్ సంగతి నా 14 రోజుల నియమాన్నీ దెబ్బతీస్తుంది, ఒప్పుకుంటున్నాను. మెయిల్ చేరిన క్షణాల్లోనే అన్ని లింకులూ నొక్కబడితే అది మనిషి కాదని తీసి లెక్కించాలి.

అయినా ఒక మధ్యదారి ఉంది. ఉచిత గైడ్ ఇస్తామని చిరునామా తీసుకుంటే, ఆ గైడ్‌ను ఫారం తర్వాతి పేజీలో ఇవ్వకుండా మెయిల్‌లోనే పంపండి. డౌన్‌లోడ్ బటన్ నొక్కడమే చిరునామా తనదేనన్న నిర్ధారణ. "నిర్ధారించండి" అనే విసుగు మెట్టు ఉండదు. వారపత్రిక కూడా వస్తుందని ఫారం మీద స్పష్టంగా రాయాలి, అంతే.

వడపోత:
ఆ బటన్ చిరునామా సరైనదని చెబుతుంది. మీ వారపత్రిక చదవాలన్న కోరిక ఉందని చెప్పదు. అసలు రోగం మొదలయ్యేది అక్కడే. ఎర ఎంత విశాలమైతే లిస్టు అంత మొద్దు. ఖరీదైన ఫోన్ లక్కీ డ్రా పెడితే వచ్చేది ఫోన్ కావాల్సినవాళ్లు. వాళ్లు శుభ్రంగా నిర్ధారిస్తారు కూడా, తర్వాత ఒక్క మెయిలూ చదవరు. అలాంటిచోట డబుల్ ఆప్ట్-ఇన్ కూడా మిమ్మల్ని కాపాడదు, ఈ మాట మా పక్షంవాళ్లు చెప్పడానికి ఇష్టపడరు.

ఇచ్చే వస్తువు మీరు అమ్మబోయేదానికి మొదటి మెట్టుగా ఉండాలి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లు "వ్యాపారంలో 101 చిట్కాలు" ఇస్తే ఎవరైనా తీసుకుంటారు. "నెలాఖరు ఖాతాలు సరిచూసే ఒక పేజీ జాబితా" ఇస్తే ఖాతాలు చూసుకునేవాళ్లే తీసుకుంటారు. ఫారాలు తగ్గుతాయి, తగ్గనివ్వండి. బటన్ పైన ఏం వస్తుంది, ఎన్ని రోజులకొకసారి వస్తుంది అన్న రెండూ రాయండి. "వారానికి ఒకటి, మంగళవారం" అని రాసి రోజూ పంపితే స్పామ్ బటన్ నొక్కినవాళ్లది తప్పు కాదు.

స్వాగత వరుస కూడా ఇందులో భాగమే. మొదటి మెయిల్ వెంటనే, అడిగిన వస్తువుతో. రెండోది మర్నాడు, ఒకే ఒక ప్రశ్నతో: "ప్రస్తుతం ఏ పనిలో ఇరుక్కున్నారు?" జవాబులు నిజంగా మనిషి చదివే పెట్టెకు రావాలి. నోరిప్లై చిరునామా నుంచి ప్రశ్న అడగడం మర్యాద కాదు, పైగా జవాబు రాయడమంత బలమైన ఆసక్తి సంకేతం ఇంకోటి లేదు.

సర్వర్‌గది:
ఇందులో ప్రతి మాటా సరైనదే. ఒక హెచ్చరిక: పంపేవాళ్లకు గూగుల్ ఇచ్చే పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో ఫిర్యాదుల శాతం తక్కువగా కనిపిస్తే సంబరపడకండి. అది ఇన్‌బాక్స్‌కు చేరినవాటి మీద లెక్క. మీ మెయిళ్లు ఎక్కువగా స్పామ్‌లోకే పోతుంటే ఫిర్యాదు చేసే అవకాశమే ఎవరికీ ఉండదు, అంకె అందంగా పడిపోతుంది. క్లిక్కులతో కలిపి చూస్తేనే దానికి అర్థం.

అక్షరపథం:
ఒక అనుబంధ ప్రశ్న. ఇప్పటికే నిర్ధారణ లేకుండా పోగైన పాత లిస్టు ఉంటే? అందరికీ ఒకేసారి కన్ఫర్మేషన్ మెయిల్ పంపేయొచ్చా?

సర్వర్‌గది:
వద్దు. మూలపడిన చిరునామాలన్నింటికీ ఒక్క రోజులో పంపితే బౌన్సులు (చేరక తిరిగొచ్చే మెయిళ్లు), ఫిర్యాదులు ఒకేసారి పేలతాయి. మూసేసిన పెట్టెల్ని కొంతకాలం తర్వాత ట్రాప్‌లుగా వాడటమూ ఉంది. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగించడం మొదలుపెట్టింది కాబట్టి పాత జీమెయిల్ చిరునామాల్లో లేనివి గణనీయంగానే ఉండొచ్చు.

విడదీయండి. గత 90 రోజుల్లో క్లిక్ చేసినవాళ్లు, జవాబిచ్చినవాళ్లు, కొన్నవాళ్లను కదపకండి. మూడు నెలల నుంచి ఏడాది మధ్య మౌనంగా ఉన్నవాళ్లకు చిన్న చిన్న వంతులుగా "ఇంకా పంపమంటారా?" అని రెండు మెయిళ్లు, వారం ఎడంతో. మొదటి వంతులో బౌన్సులు 2 శాతం దాటితే ఆపి, మిగతాది పరిశీలించండి. బటన్ నొక్కనివాళ్లను తీసేయండి. ఏడాది దాటినవాళ్లకు, ఎక్కడినుంచి వచ్చారో తెలియనివాళ్లకు, కొన్న లిస్టులకు అసలు పంపకండి.

లెక్కలపట్టీ:
"నొక్కనివాళ్లను తీసేయండి" దగ్గర కొంచెం ఆగండి. మొత్తం విషయం మెయిల్‌లోనే ఇచ్చే పత్రికకు నొక్కకుండా చదివే పాఠకులు నిజంగానే ఉంటారు. తీసే ముందు మీ సైట్ లాగిన్లు, కొనుగోళ్ల రికార్డుతో పోల్చి చూడండి. ఏడాదికోసారి రెన్యువల్ చేసే కస్టమర్ మధ్యలో పదకొండు నెలలు మౌనంగానే ఉంటాడు.

తెరిచినతలుపు:
ఇక్కడిదాకా వచ్చాక నా మాట మారిన మేరకు చెబుతాను. పోటీలు, పాపప్‌లు, ఇతర సైట్ల ప్రకటనల నుంచి వచ్చే ఫారాలకు డబుల్ పెట్టడం మీద నాకు అభ్యంతరం లేదు. కొనుగోలు పేజీలో తానే టిక్ పెట్టిన కస్టమర్‌కు మాత్రం, సమ్మతి నిరూపణ గట్టిగా అడిగే దేశంలో లేకపోతే, మళ్లీ నిర్ధారణ అడగడం అనవసరమనే ఇప్పటికీ అంటాను. ఆర్డర్ రసీదు ఆ చిరునామాకే వెళ్లి ఉంటుంది, తప్పయితే అప్పటికే తెలుస్తుంది.

వడపోత:
రసీదు బౌన్స్ అయితే తెలుస్తుంది. ఇంకొకరి పెట్టెకు చేరితే తెలియదు. రసీదులోనే "ఈ కొనుగోలు మీది కాదా?" అన్న లింకు పెట్టి, అది నొక్కిన చిరునామాను మార్కెటింగ్ లిస్టు నుంచి అదే క్షణం ఆపే ఏర్పాటు ఉంటే మీ మినహాయింపుకు నేనూ సరే.