పాత మోటారు బోటు: వైరింగ్ మొత్తం పీకేయాలా, చెడినంత వరకే మార్చాలా?

లంగరు:
మా నాన్నగారి 18 అడుగుల ఫైబర్ బోటు, లోపల పెట్రోలు ఇంజను. ఎనిమిదేళ్లుగా షెడ్డులోనే ఉంది. పిల్లల్నీ అమ్మనీ ఎక్కించుకుని ఆదివారాలు నీళ్ల మీద తిరగాలని బాగు చేస్తున్నాను. ఇంజను బిగించే వెనక పలకని సుత్తితో తట్టి చూశాను, ఎక్కడా బోలు శబ్దం రాలేదు. పెట్రోలు గొట్టాలు, ఇంజనుని చల్లబరిచే నీటి పంపులో నీళ్లు తోసే చక్రం (ఇంపెల్లర్) కొత్తవి వేశాను. మిగిలింది వైరింగే. డ్యాష్‌బోర్డు కింద మూడు రకాల వైర్లున్నాయి: బోటుతో వచ్చినవి, నాన్న వేసినవి, స్టీరియో కోసం ఎవరో లాగినవి. అయినా బ్యాటరీ తగిలిస్తే లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, బోటు అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు తిరిగింది. "పనిచేస్తున్నదాన్ని కెలకడం దేనికి" అంటాడు తమ్ముడు. నాకు మాత్రం మనసొప్పట్లేదు. మీరేమంటారు?

తెడ్డు:
మీ తమ్ముడి మాటే నా మాట కూడా. నేనూ మీలాగే ఒక శనివారం ఊపుమీద అంతా పీకేశాను. ఏది ఎక్కడిదో చీటీ కట్టలేదు. రెండు సీజన్లు బోటు నీళ్లలోకి దిగలేదు. మా అమ్మాయి మొదట్లో వారం వారం అడిగేది, తర్వాత అడగడం మానేసింది. అది నాకు ఇప్పటికీ బాధే. వైరు పాతబడిందని చెడిపోయినట్టు కాదు. తగరం పూత పూసిన రాగి వైరు పొడిగా ఉంటే చాలా ఏళ్లు నిలుస్తుంది. చెడింది వెతికి మార్చండి, ముందు బోటుని తిప్పండి.

చుక్కాని:
తెడ్డు గారూ, మీ బాధ అర్థమైంది, కానీ ఒక్క విషయంలో ఒప్పుకోలేను. లైటు వెలిగిందంటే వైరు బాగున్నట్టు కాదు. వైరులో పోగులన్నీ తెగి రెండే మిగిలినా, లోడు లేనప్పుడు, అంటే ఏదీ కరెంటు లాగనప్పుడు, మల్టీమీటర్ నిక్షేపంగా 12.6 వోల్టులు చూపిస్తుంది. పంపు తిరిగేటప్పుడు దాని దగ్గరే కొలవాలి, అప్పుడు బయటపడుతుంది.

లంగరు గారూ, లెక్క చూడండి. పంపు 5 ఆంపియర్లు తీసుకుంటుంది, బ్యాటరీకి 6 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. కరెంటు పోయి రావాలి కాబట్టి వైరు 12 మీటర్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దారిలోనే దాదాపు 0.7 వోల్టు పోతుంది, అంటే 12 వోల్టుల్లో 6 శాతం. 2.5 వేసినా 3 శాతం దాటుతుంది. 4 వేస్తే రెండు శాతం చిల్లరకి దిగుతుంది. బోటు వైరింగ్‌కి అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ వాళ్లు రాసిన ఈ-11 ప్రమాణం దారి లైట్లు (చీకట్లో బోటు ఇతరులకి కనపడేందుకు పెట్టేవి), ఇంజను గదిలో ఆవిరిని బయటికి తోసే బ్లోవర్‌లాంటి ముఖ్యమైన వాటికి 3 శాతమే హద్దు పెట్టింది. ఇది కొత్త వైరు సంగతి. పాత వైరు లోపల నల్లబడితే ఇంకెంత పోతుందో ఊహించుకోండి.

ఇక మీది పెట్రోలు ఇంజను. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, పోయి బోటు అడుగునే కూర్చుంటుంది. వదులైన జాయింటు దగ్గర ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే ఇంజను గదిలో కారు స్టార్టరు, కారు ఆల్టర్నేటరు పెట్టొద్దు. బోటు కోసం చేసినవాటిలో రవ్వ బయటి ఆవిరిని అంటించకుండా కట్టడి ఉంటుంది. స్టార్టు చేసే ముందు నాలుగు నిమిషాలు బ్లోవర్ తిప్పాలి. ఆ బ్లోవర్‌కి వెళ్లే వైరే నమ్మకం లేనిదైతే పిల్లల్ని ఎలా ఎక్కిస్తాం?

తెడ్డు:
మీరు చెప్పిందంతా నిజమే. అయితే అది కొలవమని చెప్పే వాదన, పీకెయ్యమని చెప్పేది కాదు. కొలిచి, హద్దు దాటిందే మార్చమంటున్నాను. బాగున్న వైరుని పీకి, అలవాటు లేని చేత్తో యాభై కొత్త జాయింట్లు వేస్తే యాభై కొత్త అనుమానాలు.

కొత్తనీరు:
మధ్యలో చిన్న ప్రశ్న. జాయింట్లు సోల్డరింగ్ చేస్తే సరిపోదా? ఇంట్లో మిగిలిన వైరు వాడొచ్చా?

చుక్కాని:
సోల్డరింగ్ ఒక్కదాని మీదే ఆధారపడకూడదమ్మా. కరిగిన సోల్డర్ పోగుల్లోకి పాకి అక్కడ వైరు పుల్లలా బిగుసుకుంటుంది. ఇంజను అదురుకి సరిగ్గా ఆ అంచు దగ్గరే తెగుతుంది. వైరు చివర తొడిగే లోహపు లగ్గుని సరైన క్రింపింగ్ పనిముట్టుతో నొక్కి బిగించి, దాని మీద లోపల జిగురుండే హీట్ ష్రింక్ (వేడి తగిలితే ముడుచుకునే గొట్టం) తొడగాలి. ఇంట్లో వాడే ఒంటి తీగ వైరు అసలు వద్దు, అదీ అదురుకే విరుగుతుంది.

తెడ్డు గారు జాయింట్ల గురించి అన్నది మాత్రం సబబే. పనిముట్టు చేతికి అలవాటయ్యేదాకా ముక్కల మీద నొక్కి, గట్టిగా లాగి చూడాలి.

లంగరు:
ఇవాళ పొద్దున్నే కూర్చుని కొలిచాను. పంపు తిరుగుతుంటే బ్యాటరీ దగ్గర 12.5, పంపు దగ్గర 10.9. వైరు చివర కోసి తొక్క ఒలిచాను. రాగి బొగ్గులా నల్లగా ఉంది. ఇంకాస్త వెనక్కి ఒలిచాను, జానెడు లోపలా అదే నలుపు. పైన ఇన్సులేషన్ మీద చిన్న పగులు కూడా లేదు. ఇంజనుకి వెళ్లే వైర్ల కట్ట మాత్రం లోపల మెరుస్తోంది, లోడు మీద తేడా పావు వోల్టు కూడా లేదు.

కాబట్టి ఇద్దరి మాటా పట్టుకుంటున్నాను. పంపు, బ్లోవర్, బ్యాటరీ నుంచి స్విచ్ బోర్డుదాకా ఈ నెలలో కొత్తవి. ఒకదాని తర్వాత ఒకటి, రెండు చివరలా చీటీ కట్టి, కొత్తది పనిచేశాకే పాతది తీస్తాను. బ్యాటరీ నుంచి 7 అంగుళాల లోపే ఫ్యూజు. నీళ్లు పెరిగితే పంపుని దానంతటదే తిప్పే ఫ్లోట్ స్విచ్‌కి దాని సొంత ఫ్యూజుతో నేరుగా బ్యాటరీ నుంచే లైను, మెయిన్ స్విచ్ ఆపేసినా నీళ్లు తోడేలా. స్టీరియో వైర్లు ఇప్పటికే కత్తిరించేశాను. ఇంజను కట్ట జోలికి పోను.

దారి లైట్లు వచ్చే ఏడాదే. అప్పటిదాకా చీకటి పడకముందే ఒడ్డుకి చేరాలని అమ్మకి చెప్పాను. సరేనంది.