బ్యోమ్‌కేశ్ కథలు రాసినాయనే దెయ్యం కథలూ రాశారా?

రాజమండ్రి రీడర్:
దూరదర్శన్‌లో 1993లో వచ్చిన బ్యోమ్‌కేశ్ బక్షీ డిటెక్టివ్ సీరియల్ అంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. ఇప్పుడు ఆ కథలు చదువుదామనుకుంటున్నాను. రచయిత శరదిందు బందోపాధ్యాయ దెయ్యం కథలు కూడా రాశారని ఎవరో అన్నారు. నిజమేనా? ఆయన గురించి తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఖరగ్‌పూర్ తెలుగువాడు:
నిజమేనండీ. నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల నేను ఖరగ్‌పూర్‌లో పెరిగాను, ఆయన్ని బెంగాలీలోనే చదివాను. నాకు ఆయన తర్వాతే ఎవరైనా.

1899లో జౌన్‌పూర్‌లో పుట్టారు, కుటుంబం ఉండేది బీహార్‌లోని ముంగేర్‌లో. తండ్రి వకీలు. ఈయనా లా చదివారు గానీ మనసంతా రాయడం మీదే. 1932లో ‘పథేర్ కాంటా’ అనే కథతో బ్యోమ్‌కేశ్ మొదలయ్యాడు. కలకత్తాలో రోడ్డు దాటుతున్న మనిషి ఉన్నట్టుండి కుప్పకూలిపోతాడు. చూస్తే గుండెలో గ్రామఫోన్ పిన్ను! తుపాకీ చప్పుడు లేదు, పక్కన మనిషి లేడు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక దెయ్యం కథలంటే బరదా అనే పాత్రవి. ముంగేర్ క్లబ్బులో సాయంత్రాలు కూర్చుని కథలు చెబుతాడు. అమూల్య అనే స్నేహితుడు నమ్మడు, మధ్యమధ్యలో అడ్డం పడుతుంటాడు. అయినా బరదా ఆగడు. ఇద్దరు హీరోలనీ ‘బ్యోమ్‌కేశ్ ఓ బరదా’ (బ్యోమ్‌కేశ్, బరదా) అనే కథలో ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఒకరు దెయ్యం అంటారు, ఇంకొకరు ఆధారం చూపించమంటారు. ఏ ఒక్కరినీ వెటకారం చేయకుండా రాయడం ఆయనకే చెల్లింది.

ఆ తర్వాత దాదాపు పదిహేనేళ్లు బ్యోమ్‌కేశ్ కథే లేదు. 1938లో బాంబే టాకీస్ అనే సినిమా కంపెనీకి రాయడానికి బొంబాయి వెళ్లిపోయారు మరి. పాఠకులు అడగబట్టి మళ్లీ మొదలుపెట్టారు. 1952లో సినిమాలు మానేసి పూణేలో స్థిరపడ్డారు. 1970లో పోయేనాటికి 32 బ్యోమ్‌కేశ్ కథలు పూర్తయ్యాయి, ఒకటి సగంలో ఆగింది.

హంపీ అభిమాని:
ఆయన రాసినవాటిలో మనవాళ్లు తప్పకుండా చదవాల్సిన నవల ‘తుంగభద్రార్ తీరే’. రెండో దేవరాయల కాలం నాటి విజయనగరం. పెళ్లికూతురైన కళింగ రాకుమారి పడవల మీద తుంగభద్రలో వస్తుంది. దానికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఇచ్చే రవీంద్ర పురస్కారం కూడా వచ్చింది.

రాజమండ్రి రీడర్:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. బ్యోమ్‌కేశ్‌ని దేనితో మొదలుపెట్టమంటారు?

ఖరగ్‌పూర్ తెలుగువాడు:
‘సత్యాన్వేషి’తో. రాసింది మూడోదిగానే అయినా, బ్యోమ్‌కేశ్, అతని స్నేహితుడు అజిత్ ఒక మెస్సులో (అద్దెకి గదులిచ్చి భోజనం పెట్టే చోట) మొదటిసారి కలిసేది అందులోనే. ‘శైలరహస్య’ మాత్రం ఇప్పుడే ముట్టుకోకండి. మహాబలేశ్వర్ హోటల్లో దిగిన బ్యోమ్‌కేశ్ అజిత్‌కి ఉత్తరాలు రాస్తాడు, అందులో నిజంగానే దెయ్యం ఉంది. ఆధారం లేనిదే ఏదీ ఒప్పుకోని మనిషిగా అతను బాగా అలవాటయ్యాక చదివితేనే ఆ ఉత్తరాల్లోని కంగారు మీకు అందుతుంది.