హోమ్‌లో పెరిగిన పిల్లలకు 18 నిండాక గది ఎవరు చూపించాలి: ప్రభుత్వమా, మనమా?

కృష్ణలంక (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. అనాథాశ్రమాల్లోనూ ప్రభుత్వ బాలల గృహాల్లోనూ పెరిగిన పిల్లల గురించి ఈ చర్చ. వాటిని అందరూ హోమ్ అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. 18 నిండగానే వాళ్ళు హోమ్ ఖాళీ చేయాలి. ఇంటర్ పూర్తయినవాళ్ళుంటారు, మధ్యలో ఉన్నవాళ్ళుంటారు. అమ్మానాన్న ఉన్న పిల్లాణ్ణి ఆ వయసులో ఎవరూ బయటికి పంపరు, అప్పు చేసి మరీ కోచింగ్‌లో చేర్పిస్తారు.

నేను విజయవాడలో ఉంటాను. ఆదివారాలు ఒక హోమ్‌కి వెళ్ళి లెక్కలు చెబుతాను. అక్కడి నుంచి బయటికొచ్చిన కుర్రాళ్ళు పని వెతుక్కునేటప్పుడు జీతం ఎంత అని ముందు అడగరు. పడుకోవడానికి చోటిస్తారా అని అడుగుతారు. అందుకే ఎక్కువమంది హోటళ్ళలోనో, ఫంక్షన్ హాళ్ళలో క్యాటరింగ్ బ్యాచ్‌లోనో చేరతారు. రాత్రి ఆఖరి బంతి లేచాక గిన్నెలు కడిగి, స్టేజీ మీద పరిచిన కార్పెట్ మీదే పడుకుంటారు. ముహూర్తాలు ఉన్నన్నాళ్ళు తిండికీ పడకకూ లోటుండదు. మూఢం వచ్చిందా, పనీ పోతుంది, పడకా పోతుంది. బ్యాగు తీసుకుని బస్టాండుకో రైల్వే స్టేషనుకో చేరతారు. వాళ్ళలో కొందరు చిన్నప్పుడు ఇంట్లోంచి పారిపోయి వచ్చి దిగింది కూడా ఆ స్టేషన్‌లోనే. మన ఊరు పెద్ద జంక్షన్ కాబట్టే సలేషియన్ సంస్థకు చెందిన క్రైస్తవ ఫాదర్లు 1989లో ఇక్కడ వీధి పిల్లల కోసం నవజీవన్ బాలభవన్ మొదలుపెట్టారు.

నేను అనేది ఒక్కటే. పడక పనితో ముడిపడి ఉండకూడదు. ఆరేడుగురు కుర్రాళ్ళు కలిసి ఉండేలా మన కాలనీల్లోనే అద్దె ఇళ్ళు కావాలి. అద్దె ప్రభుత్వం కట్టాలి, పూచీ మనం ఉండాలి. ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. 2015 బాల న్యాయ చట్టం 46వ సెక్షన్‌లో, హోమ్ నుంచి వెళ్ళే పిల్లలకు ఆర్థిక సాయం చేయవచ్చని ఉంది. 2016 నమూనా నియమాల్లో 25వ నియమం చూడండి. 6 నుంచి 8 మంది కలిసి ఉండే తాత్కాలిక గృహాలు, శిక్షణ కాలంలో స్టైపెండ్, ఎప్పటికప్పుడు కలుస్తూ ఉండే కౌన్సెలర్, అన్నీ అందులో ఉన్నాయి. 21 ఏళ్ళ వరకు, ప్రత్యేక పరిస్థితుల్లో 23 వరకు. కేంద్రం బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయలు ఇచ్చే వీలు కూడా ఉంది. కాగితం మీద ఇంత ఉన్నా రెంటల్ అగ్రిమెంట్ మీద వీళ్ళ తరఫున సంతకం పెట్టే పెద్దమనిషి మాత్రం దొరకడు. ఆ మనుషులం మనమే కావాలని నా వాదన.

గుంటూరు లాయరు

మీ ఆవేదన అర్థమైంది. కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది. కాలనీవాళ్ళు ముందుకొస్తే ప్రభుత్వం మెల్లగా వెనక్కి జరుగుతుంది. మీరే చెప్పారు, చట్టంలో ఉన్నది ‘సాయం చేయవచ్చు’ అని. అంటే అది హక్కు కాదు, అధికారి దయ. ముందు దాన్ని హక్కుగా మార్చమని అడగాలి.

కోవిడ్‌లో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లల సంగతి చూడండి. 2021లో పీఎం కేర్స్ కింద పథకం తెచ్చి, 18 నుంచి 23 ఏళ్ళ దాకా నెలనెలా స్టైపెండ్, 23 నిండాక 10 లక్షలు ఇస్తామన్నారు. మంచిదే. మరి తల్లి టీబీతో పోయిన పిల్లాడో, రోడ్డు ప్రమాదంలో ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లో ఏం పాపం చేశారు? ప్రభుత్వం అనుకుంటే చేయగలదని ఆ పథకమే సాక్ష్యం.

నిరాశ్రయుల విషయంలోనూ అంతే. సుప్రీంకోర్టు 2010లో గట్టిగా ఆదేశించాకే పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున 24 గంటల షెల్టర్ అనే మాట లెక్కలోకి వచ్చింది. ఎవరో నాలుగు దుప్పట్లు పంచితే వచ్చింది కాదు. నా ఓటు కోర్టుకూ బడ్జెట్‌కూ. పూచీలకు కాదు.

మల్కాజిగిరి ఫ్లాట్ ఓనర్

నేను మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీని. ఇక్కడ అందరూ మంచి మాటలు రాస్తారు కాబట్టి, బయట జనం ఏమంటారో నేను చెబుతాను. మా వీధిలో టు-లెట్ బోర్డులన్నిటి మీదా ‘ఫ్యామిలీ ఓన్లీ’ అనే ఉంటుంది. ఐటీ కంపెనీలో చేసే బ్యాచిలర్లకే ఇవ్వడం లేదు. ఆరుగురు కుర్రాళ్ళు, వెనక అమ్మా నాన్నా ఎవరూ లేరంటే ఏ ఓనర్ ఇస్తాడు?

ఇది చెడ్డతనం అనుకోకండి. మా ఫ్లాట్‌లో ఒకసారి అద్దెకున్న కుర్రాళ్ళ మధ్య గొడవై తల పగిలింది. అర్ధరాత్రి పోలీసులొస్తే కిందకు దిగి మాట్లాడింది నేను. వాళ్ళ నాన్నలకు ఫోన్ చేస్తే తెల్లారేసరికి వచ్చి చూసుకున్నారు. ఈ పిల్లల విషయంలో ఆ ఫోన్ ఎవరికి చేయాలి? కృష్ణలంక గారూ, పూచీ అంటే అచ్చంగా ఏమిటి? పేరా, డబ్బా, రాత్రి రెండింటికి లేచి రావడమా?

హోమ్ పిల్లాడు

ఓనర్ అన్న అడిగినదానికి నేను చెప్తా. నేను హోమ్‌లోనే పెరిగా. ఇప్పుడు ఏసీ మెకానిక్‌ని, పెళ్ళయింది, పాప ఉంది.

బయటికొచ్చిన కొత్తలో నా ఆధార్ మీద హోమ్ అడ్రసే ఉండేది. బ్యాంకువాళ్ళు ఏటీఎం కార్డు అక్కడికే పంపారు. అప్పటికి నేను వేరే ఊళ్ళో ఉన్నా, కార్డు వెనక్కి పోయింది. అడ్రస్ మారుద్దామంటే రెంటల్ అగ్రిమెంట్ అడిగారు. అగ్రిమెంట్ రాయమంటే ఓనర్లు సొంతూరు ఏది, నాన్న నంబర్ ఇవ్వు అన్నారు. నాన్న నంబర్ అనే దగ్గరే ప్రతిసారీ ఆగిపోయేది. ఆ టెన్షన్‌కి గది వెతకడమే మానేశా. షాపులోనే పాత కంప్రెసర్ల మధ్య పడుకునేవాణ్ణి.

తర్వాత ఒక ఆర్టీసీ కండక్టర్ గారు వాళ్ళ మేడ మీద గది ఇచ్చారు. షాపుకి వస్తూపోతూ చూసి ఇచ్చారు, అంతే. జాలిపడి అద్దె తగ్గించలేదు. అయిదో తారీఖు దాటితే ఆంటీ కిందినుంచే కేకేసేది. మోటార్ ఆపడం మర్చిపోతే తిట్టేది. నాకు పచ్చకామెర్లు వచ్చినప్పుడు ఆస్పత్రిలో అడ్మిషన్ కాగితం మీద అటెండెంట్ ఎవరు అని అడిగారు. ఎవరూ లేరంటే ఆ సిస్టర్ ఏం రాయాలో తెలీక పెన్ను పట్టుకుని అలాగే నిలబడింది. అంకుల్ డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి సంతకం పెట్టాడు. సంబంధం అన్న గడిలో ‘ఇంటి ఓనర్’ అని రాశాడు. మూడు రోజులు క్యారేజీ ఆంటీ పంపింది.

లాయరు గారూ, మీరు చెప్పింది నిజమే, 4,000 మా హక్కు కావాలి. నాకైతే రాలేదు. కానీ ఆ 4,000 వచ్చినా ఆ గడిలో పేరు నింపలేదు కదండీ. పూచీ అంటే నాకు తెలిసింది ఆ సంతకమే.

పాత సూపరింటెండెంట్

నేను ఆడపిల్లల హోమ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇంతవరకు అందరూ మగపిల్లల గురించే రాశారు.

ఆడపిల్లకు 18 నిండితే మా మీద వచ్చే మొదటి ఒత్తిడి పెళ్ళి. దాతలు తాళిబొట్టు ఇస్తామంటారు, అధికారులు వచ్చి అక్షింతలు వేస్తారు, ఫోటో పేపర్లో పడుతుంది. అమ్మాయి సెటిలైందని ఫైలు మూసేస్తారు. పెళ్ళి వద్దు, నర్సింగ్ చదువుతాను అన్న పిల్లకు చూపించడానికి మా దగ్గర చోటు ఉండేది కాదు. వర్కింగ్ ఉమెన్స్ హాస్టల్‌కి పంపితే అక్కడా లోకల్ గార్డియన్ పేరు అడుగుతారు. నా పేరే రాసిన సందర్భాలున్నాయి. బదిలీ అయ్యాక కూడా ఆ ఫోన్లు నాకే వచ్చేవి.

అయినా కృష్ణలంక గారితో నేను పూర్తిగా ఏకీభవించను. కాలనీవాళ్ళ ఉత్సాహం నాకు తెలుసు. పుట్టినరోజుకి కేకు, బిర్యానీ తెస్తారు, పిల్లలతో ఫోటోలు దిగుతారు, మళ్ళీ ఏడాదికి కనిపిస్తారు. కొందరు ‘అమ్మా అని పిలువు’ అని చెప్పి వెళ్ళి మళ్ళీ రారు. పిల్ల ఆదివారం గేటు దగ్గర నిలబడి చూస్తుంది. ఒకసారి వదిలేసినవాళ్ళను రెండోసారి వదిలేయడం కంటే అసలు దగ్గరకు రాకపోవడం నయం. పూచీ ఉండేవాళ్ళు ఎన్నేళ్ళు ఉంటారో ముందే చెప్పాలి.

ఇంకొకటి, తయారీ 18 దగ్గర మొదలుపెడితే ఆలస్యమైనట్టే. మా పిల్లలకు వంటింట్లోకి ప్రవేశం ఉండదు, ప్రమాదం జరుగుతుందని. కూరగాయలు బేరం చేసి కొన్నది లేదు, కరెంటు బిల్లు చూసింది లేదు. అరకిలో బియ్యం ఎంతమందికి సరిపోతాయో తెలియని పిల్లను గదిలో పెట్టి తాళం చేతికిస్తే ఏమవుతుంది? 15, 16 ఏళ్ళ నుంచే నేర్పాలి. ప్రతి బిడ్డకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాయాలని నియమం ఉంది. చాలాచోట్ల అందరికీ ఒకటే నాలుగు లైన్లు రాసి సంతకం పెట్టేస్తారు, నా కళ్ళతో చూశాను.

సర్టిఫికెట్లు కూడా హోమ్‌లో ఉండగానే తీయించాలి. పదేళ్ళ లోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసేవాళ్ళు లేక గుర్తింపు ఉన్న ఆశ్రమాల్లో పెరిగిన పిల్లలు మన రాష్ట్రాల్లో బీసీ-ఏ కిందకు వస్తారు. ఈ సంగతి తెలియక కాలేజీ సీటు వదులుకున్నవాళ్ళున్నారు. ఆధార్ చిరునామాకు కూడా గుర్తింపు ఉన్న హోమ్ అధిపతి ఇచ్చే సర్టిఫికెట్ చెల్లుతుంది. బయటికెళ్ళాక ఇవన్నీ పట్టుకోవడం చాలా కష్టం.

న్యూజెర్సీ నుంచి

చదువుతుంటే మనసు పట్టలేకపోతున్నాను. మేం ఇక్కడ కొంతమంది స్నేహితులం కలిసి ఊరి బయట స్థలం కొని 100 మంది యువతీ యువకులకు పెద్ద బిల్డింగ్ కట్టిద్దాం అనుకుంటున్నాం. అందులోనే ఉంటారు, నేర్చుకుంటారు. ఎవరి పూచీ, ఎవరి దయ అక్కర్లేదు కదా?

కృష్ణలంక

అన్నా, మీ మనసుకు దండం. కానీ ఆ బిల్డింగ్ కట్టొద్దని వేడుకుంటున్నాను. ఊరి బయట 100 మందిని ఒకచోట పెడితే అది ఇంకో హోమ్. పనులు ఊళ్ళో, పడక ఊరి బయట. ఆఖరి బస్సు తప్పితే ఆ రాత్రి మళ్ళీ బస్టాండే. పైగా ఇరుగూ పొరుగూ ఉండరు. కిరాణా కొట్టులో అప్పు పుట్టడం, మెస్ ఆంటీ గుర్తుపట్టడం, వర్క్‌షాప్ మేస్త్రీ ‘మా బావమరిది దగ్గర పని ఉందిరా’ అని చెప్పడం, ఇవన్నీ వీధిలో ఉంటేనే జరుగుతాయి. అదే డబ్బుతో ఊరి మధ్యలో పది ఇళ్ళకు అడ్వాన్సులు కట్టొచ్చు. ఖాళీ చేశాక అడ్వాన్సు తిరిగొస్తుంది కాబట్టి ఇంకో బ్యాచ్‌కి పనికొస్తుంది.

మేడమ్ గారూ, మీరు రాసిన గేటు దగ్గరి పిల్ల మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మీరన్నది ఒప్పుకుంటున్నాను: పూచీ ఉండేవాళ్ళు ఒక్కరు కాకూడదు. ఒక ఇంటికి ముగ్గురు ఉండాలి, కనీసం మూడేళ్ళు ఉండాలి, ఊరు మారితే తన బదులు ఇంకొకరిని చూపించి వెళ్ళాలి. అమ్మ, నాన్న అని పిలిపించుకోవడం అసలు ఉండకూడదు. కండక్టర్ గారు పెట్టిన ‘ఇంటి ఓనర్’ సంతకం చాలు.

ఓనర్ గారూ, మీ ఫోన్‌కి జవాబు కూడా అదే. ఆ ముగ్గురి నంబర్లు మీ దగ్గర ఉంటాయి. రాత్రి రెండింటికైనా లేచి వస్తారు. రాలేనివాళ్ళు పూచీ ఉండకూడదు.

గుంటూరు లాయరు

ముగ్గురు పూచీదార్లు అంటే నాకు కొంత నయంగా ఉంది. కానీ నా అభ్యంతరం తీరలేదు. అద్దె మాత్రం దాతల దగ్గర తీసుకోకండి. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ప్రతి పిల్లాడి పేరుతో దరఖాస్తు పెట్టించండి. కాదంటే ఎందుకు కాదో రాతపూర్వకంగా అడగండి, లేదా సమాచార హక్కు కింద అడగండి. ఆ కాగితాలు పది పోగైతే నేను హైకోర్టులో రిట్ వేస్తాను, ఫీజు అక్కర్లేదు. మీరు మీ జేబులోంచి అద్దె కట్టడం మొదలుపెట్టిన మరుక్షణం ‘వాళ్ళకు ఇల్లుంది కదా’ అని ఫైలు పక్కన పడేస్తారు. ఈ ఒక్క విషయంలో నేను తగ్గను.

మల్కాజిగిరి ఫ్లాట్ ఓనర్

మా జనరల్ బాడీ మీటింగ్‌లో పెట్టి చూస్తాను. మాది మూడో అంతస్తులో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఖాళీగా ఉంది. నలుగురి వరకు ఆలోచిస్తాం, ఆరుగురు కుదరదు, నీళ్ళు సరిపోవు. షరతులు ఇవి: 11 నెలల అగ్రిమెంట్, రెండు నెలల అడ్వాన్సు, పోలీస్ వెరిఫికేషన్, రాత్రి తొమ్మిదిన్నరకల్లా లోపల ఉండాలి, వాళ్ళ తలుపు ఎదురుగా ఒక సీసీ కెమెరా.

హోమ్ పిల్లాడు

ఓనర్ అన్నా, మీటింగ్‌లో పెడతానన్నందుకే చాలా థ్యాంక్స్. అగ్రిమెంట్, అడ్వాన్సు, వెరిఫికేషన్ మూడూ ఓకే, అందరికీ ఉండేవే.

తొమ్మిదిన్నర కుదరదు. క్యాటరింగ్ కుర్రాడు ఒంటిగంటకు వస్తాడు, డెలివరీ కుర్రాడు పదకొండున్నరకు వస్తాడు. తొమ్మిదిన్నరకు గేటు వేస్తే పని మానుకోవాలి, లేదంటే బయట పడుకోవాలి. కెమెరా మీ అపార్ట్‌మెంట్‌లో ప్రతి తలుపు ఎదురుగా ఉంటే మాకూ పెట్టండి. మా ఒక్క తలుపుకే అయితే వద్దన్నా. 18 ఏళ్ళు గేటు రిజిస్టర్‌లో సంతకం పెట్టి లోపలికీ బయటికీ తిరిగినవాళ్ళం. నీళ్ళ సంగతి నిజమే, నలుగురే వస్తారు. పూచీకి నా పేరు మొదట రాయండి, మిగతా ఇద్దరిని ఈ ఆదివారం లోపు చూపిస్తా. మీటింగ్ ఎప్పుడో చెప్పండి, నేనే వచ్చి మాట్లాడతా.