ఇంత పెద్ద ఓడెక్కితే సముద్రం చూసినట్టేనా?

నీలిగీత

వారం రోజుల క్రూజ్ ముగించుకుని మొన్ననే ఇంటికొచ్చాను. ఓడెక్కిన రోజు నుంచీ ఒక ప్రశ్న బుర్రలో తిరుగుతోంది, ఇక్కడ పెడుతున్నాను.

ఐస్ రింక్, నీటి జారుడుబల్లలు, థియేటర్, అర్ధరాత్రి దాకా షోలు. వీటి మధ్య సముద్రాన్ని రోజుకు పది నిమిషాలు కూడా చూడలేదు. మాది లోపలి క్యాబిన్, కిటికీ లేదు. లైటు తీసేస్తే పగలో రాత్రో తెలియదు. నాలుగో రోజు తెల్లవారకముందే మెలకువ వచ్చి పై డెక్‌కి వెళ్లాను. ఎవరూ లేరు. రెయిలింగ్ మీద చెయ్యి వేస్తే ఉప్పు తడి జిగటగా అంటుకుంది. కింద నీళ్లు నల్లగా ఉన్నాయి, ఓడ పక్కన విరిగే చోట మాత్రం తెల్లటి నురగ. పావుగంట నిలబడ్డాను. ఇంతలో స్పీకర్లలో పాట మొదలైంది, కుర్చీల మీద తువ్వాళ్లు వేసి చోటు పట్టుకోవడానికి జనం వచ్చేశారు. ఆ వారంలో నాకు మిగిలిన సముద్రం ఆ పావుగంటే.

2024 జనవరిలో తొలి యాత్రకు బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే క్రూజ్ ఓడనే చూడండి, 365 మీటర్ల పొడవు. గ్రాస్ టన్నేజీ, అంటే బరువు కాదు, ఓడ లోపలి మొత్తం చోటు లెక్క, చూస్తే టైటానిక్‌కి అయిదు రెట్లు పైనే. నిండితే 7,600 మంది ప్రయాణికులు, సిబ్బంది ఇంకో 2,350 మంది. అందులో ఏడు ఈతకొలనులు! చుట్టూ సముద్రం పెట్టుకుని అన్ని కొలనులు ఎందుకు? మనం బయటికి చూడకుండా ఉండేలా కట్టిన ఓడలివి అని నా అభిప్రాయం. మీరేమంటారు?

నలుగురితో నారాయణ

నీలిగీత గారూ, మీ పావుగంట చదివితే నాకూ వెళ్లి నిలబడాలనిపించింది. కానీ మీ తీర్పు ఒప్పుకోను.

మా అమ్మకు 78 ఏళ్లు, చక్రాల కుర్చీలో ఉంటుంది. ఆవిడతో, ఇద్దరు పిల్లలతో ఎక్కడికైనా బయల్దేరాలంటే మెట్లెన్ని, బాత్రూం ఎలా ఉంటుంది, కారు ఎంత దూరంలో ఆగుతుంది అని ఒకటే టెన్షన్. ఓడలో పెట్టె ఒక్కసారి విప్పాం, అంతే. లిఫ్టులు, వెడల్పు తలుపులు ఉన్నాయి. ఓడ పెద్దది, పైగా పక్కల నీళ్లలోకి చాచే రెక్కలు ఊపు తగ్గిస్తాయి కాబట్టి అమ్మకు ఒక్కరోజు కూడా తల తిరగలేదు. పిల్లలు జారుడుబల్లల దగ్గర ఉన్నంతసేపూ ఆవిడ బాల్కనీలోనే. "ఇంత నీరు ఒక్కచోట ఎలా ఆగిందిరా?" అని అడిగింది. ఆవిడ సముద్రాన్ని చూడటం అదే మొదటిసారి.

పిల్లలకు ఆ ఆటలు లేకపోతే మేం వెళ్లేవాళ్లమే కాదు, అమ్మ చూసేదీ కాదు. చిన్న ఓడలో నాలాంటి కుటుంబానికి ఇది కుదురుతుందా?

రేవుగట్టు

ఓడలో ఉన్నవాళ్ల సుఖం గురించే మాట్లాడుతున్నారు. ఓడ ఆగే ఊరి సంగతో?

వెనిస్ చూడండి. గ్రాస్ టన్నేజీ 25,000 దాటిన ఓడల్ని 2021 ఆగస్టు 1 నుంచి ఊరి నడిమి కాలువలోకి రానివ్వడం లేదు. అలాస్కాలో జూనో మరీ విచిత్రమైన చోటు. బయటి ప్రపంచం నుంచి రోడ్డే లేదు, ఉండేది సుమారు 32,000 మంది. అక్కడ 2024 నుంచి రోజుకు అయిదు పెద్ద ఓడలే అని పరిమితి పెట్టుకున్నారు. ఊళ్లోకి వేలమంది ఒక్కసారి దిగి, నాలుగైదు గంటలు తిరిగి, భోజనానికి మళ్లీ ఓడకే పోతారు. రద్దీ ఊరికి, భోజనం డబ్బు ఓడకి.

మురుగు విషయం ఇంకా బాధ. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లు దాటాక, శుద్ధి చేయని మురుగును కూడా కదిలే ఓడ నెమ్మదిగా వదలొచ్చు. బాల్టిక్ సముద్రంలో ప్రయాణికుల ఓడలకు ఆ వెసులుబాటు తీసేశారు. మిగతా సముద్రాలు ఏం పాపం చేశాయి?

నలుగురితో నారాయణ

రేవుగట్టు గారూ, జూనో సంగతి సగమే చెప్పారు. శనివారాలు పెద్ద ఓడలే రాకూడదని 2024 అక్టోబరులో అక్కడ ఓటింగ్ పెడితే ఊరివాళ్లే కాదన్నారు. ఓడల మీద బతికే ఇళ్లు కూడా ఆ ఊళ్లో ఉన్నాయి కదండీ. మురుగు మాట మాత్రం ఒప్పుకుంటాను. నిబంధన బిగించాల్సిందే.

తువ్వాలు ఏనుగు

నాలుగేళ్లు ఒక పెద్ద ఓడలో క్యాబిన్లు సర్దాను. మీరు భోజనం చేసి గదికొచ్చేసరికి మంచం మీద తువ్వాలుతో చేసిన ఏనుగు ఉంటుంది కదా, అది మడిచేది నాలాంటివాళ్లే. పెద్ద తువ్వాలును రెండు అంచుల నుంచీ మధ్యకు చుట్టి వంచి నిలబెడితే నాలుగు కాళ్లు వస్తాయి. చిన్న తువ్వాలుతో తల, తొండం. పిల్లల నవ్వు కోసం ఇష్టంగానే చేసేవాణ్ణి.

కానీ ఒక జనం దిగి ఇంకో జనం ఎక్కే రోజు ఉంటుంది చూశారూ. ఆ మధ్య ఉండే కొద్ది గంటల్లోనే నా వంతు గదులన్నీ పక్కలు మార్చి, బాత్రూంలు కడిగి సిద్ధం చేయాలి. ఆ రోజుల్లో కూర్చుని అన్నం తిన్న గుర్తు లేదు. సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం 2013 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం వారానికి 72 గంటలకు మించి పని ఉండకూడదు, లేదా కనీసం 77 గంటల విశ్రాంతి ఉండాలి. ఏ లెక్క పాటించాలో ఓడ ఏ దేశంలో రిజిస్టరై ఆ జెండా కింద నడుస్తుందో ఆ దేశం ఎంచుకుంటుంది. విశ్రాంతి లెక్క ఎంచుకుంటే వారానికి 91 గంటల పని కూడా నిబంధన దాటినట్టు కాదు! అందుకే ఆటలు ఎక్కువా, సముద్రం తక్కువా అనే గొడవ నాకు రెండో విషయం. టికెట్ కొనేముందు సిబ్బంది పని గంటల గురించి కంపెనీని అడగండి. పదిమంది అడిగితే వాళ్లు జవాబు వెతుక్కుంటారు.

నీలిగీత

మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. మా గదిలో రోజూ ఏనుగో, హంసో ఉండేది. మా క్యాబిన్ చూసిన అబ్బాయి పేరు కూడా నేను అడగలేదు, ఇప్పుడు సిగ్గుగా ఉంది.

నారాయణ గారూ, మీ అమ్మగారి మాట విన్నాక "ఇలాంటి ఓడలే వద్దు" అనలేను. ఆటల హోరు మీద నా ఫిర్యాదు మాత్రం అలాగే ఉంది. మా చెల్లెలి కుటుంబం వచ్చే నెల ఇలాంటి ఓడే ఎక్కుతోంది, నన్నూ రమ్మంటున్నారు. ప్రశాంతంగా సముద్రం చూసే చోటు నిజంగా ఉంటుందా?

తువ్వాలు ఏనుగు

ఉంటుందండీ. చాలా ఓడల్లో లైఫ్‌బోట్ల కింద నడిచే డెక్ ఒకటి ఉంటుంది. నీటికి దగ్గర. మా ఓడలో అక్కడ స్పీకర్లు లేవు. డ్యూటీ ఎక్కేముందు నేను నిలబడింది అక్కడే. పొద్దున అయిదున్నరకల్లా వెళ్లండి.