వరద నేపథ్యంగా కథ: ఎక్కడ ఎత్తుకోవాలి?

ప్రశ్న: 2015 డిసెంబరు చెన్నై వరద నేపథ్యంగా, సైదాపేటలో అడయారు ఒడ్డున టిఫిన్ కొట్టు నడుపుకునే నెల్లూరు దంపతుల కథ రాస్తున్నాను. వారు ఊరు విడిచి రావడంతో మొదలుపెట్టి పన్నెండు పేజీలు రాసినా ఇంకా వాన పడలేదు. ప్రణాళికలో పొరపాటు ఎక్కడ జరిగిందంటారు?

జవాబు: మీ కథ వలస గురించో, వరద గురించో ముందు తేల్చుకోండి. వరదే అయితే, కొట్టులోకి నీరు వచ్చాక ఆవిడ నానబెట్టిన మినపప్పు గిన్నెను అటక మీదికి అందిస్తున్న చోట ఎత్తుకోండి. నెల్లూరు సంగతులు ఆ గిన్నె చేతులు మారేలోపు రెండు మాటల్లో చెప్పవచ్చు. నేనైతే ముగింపు ముందే రాసుకుని వెనక్కి నడుస్తాను.

మరో జవాబు: ముగింపు ముందే రాసుకుంటే పాత్రలు బిగుసుకుపోతాయని నా అనుభవం. కాలక్రమం మాత్రం కాగితం మీద పెట్టుకోవలసిందే. చెంబరంబాక్కం చెరువు నుంచి వదిలిన నీరు అడయారులోకే చేరుతుంది కాబట్టి, వాన తెరిపినిచ్చాక కూడా మీ కొట్టులో నీటిమట్టం పెరగవచ్చు. దంపతుల తగవును ఆ గంటలోనే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలండీ. గిన్నె అందుకునేది భర్త కాదు, పనికుర్రాడు. ఇది రాస్తుంటేనే తట్టింది, కథ వాడిదేనేమో.