అప్‌డేట్: పాస్‌వర్డ్‌ల గోల కొంత తగ్గింది

నాన్న పింఛను, బ్యాంకు, గ్యాసు, కరెంటు పాస్‌వర్డ్‌లన్నీ డైరీలో రాసుకుని తికమక పడుతున్నానని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే పాస్‌వర్డ్‌లన్నీ ఒకేచోట భద్రంగా దాచే బిట్‌వార్డెన్ యాప్ పెట్టుకున్నాను, ఉచిత ఖాతాయే సరిపోయింది. దాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఆ కంపెనీ వాళ్లు కూడా తిరిగి ఇవ్వలేరట. అందుకే అదొక్కటీ కాగితం మీద రాసి బీరువాలో దాచాను (నవ్వకండి).

అన్నీ ఎక్కించడానికి రెండు ఆదివారాలు పట్టింది. మొత్తం 43. అందులో పదకొండింటికి ఒకటే పాస్‌వర్డ్, నా పెళ్లి తేదీ! ముందు ఈమెయిల్‌ది మార్చాను, మిగతావి రీసెట్ అయ్యేది దాని ద్వారానే కాబట్టి.

బ్యాంకు సైటే ఇంకా మొండికేస్తోంది. పేస్ట్ చేయనివ్వదు, మూడు నెలలకోసారి మార్చమంటుంది. ఊరికే అలా మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది. ఇక ఓటీపీలు నాన్న ఫోన్‌కే వస్తాయి. ఆయనేమో దాన్ని సైలెంట్‌లో పెట్టి పడుకుంటారు.